అంబర్‌లో బల్లి: కంటికి కనిపించేది ఎంత, లోపల నిజంగా ఉన్నది ఎంత?

మీరు మూడు విషయాలు అడిగారు. తేనె రంగు అంబర్ ముక్కలో చెక్కుచెదరని బల్లి ఫోటో ఒకటి చూశారు, కింద ‘9.9 కోట్ల ఏళ్లనాటిది’ అని రాసి ఉంది. అందులో బల్లి ఒళ్లు కండతో సహా అలాగే ఉంటుందా అన్నది మొదటి ప్రశ్న. 2020లో ‘ప్రపంచంలోకెల్లా చిన్న డైనోసార్’ అని ప్రకటించిన శిలాజాన్ని కొన్ని నెలలకే ‘అది బల్లి’ అని మార్చేశారు కదా, ఇలా మాట మారుస్తుంటే ఎలా నమ్మాలి అన్నది రెండోది. ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టిన అలాంటి ముక్క కొనొచ్చా అన్నది మూడోది.

నా పని సరీసృపాల ఎముకలతో. అంబర్ ముక్కల్ని సీటీ స్కాన్ చేసి, లోపలున్న ఎముకల్ని కంప్యూటర్ తెర మీద ఒక్కొక్కటిగా విడదీసి గుర్తుపట్టడం చాలా ఏళ్లుగా చేస్తున్నాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. మూడు ప్రశ్నలకూ జవాబు ఒకే చోట ఉంది: అంబర్‌లో బయటి నుంచి కనిపించేది వేరు, లోపల ఉన్నది వేరు. ఆ తేడా తెలిస్తే మిగతావన్నీ వాటంతటవే తేలతాయి.

ముందు అంబర్ అంటే ఏమిటో చూద్దాం. చాలామంది దాన్ని చెట్టు బంక గట్టిపడి రాయి అయినది అంటారు. బంక అనకూడదు. తుమ్మబంక నీళ్లలో వేస్తే కరిగిపోతుంది. గుగ్గిలం కరగదు. అంబర్ ఈ గుగ్గిలం జాతికి చెందినది. చెట్టుకు గాయమైనప్పుడు, పురుగు తొలిచినప్పుడు కారే జిగట పదార్థం అది. గాలి తగిలాక అందులో తేలిగ్గా ఆవిరయ్యే నూనెలు పోతాయి, మిగిలిన అణువులు గొలుసులు గొలుసులుగా అల్లుకుంటాయి. ఆ ముద్ద మట్టిలో, ఇసుకలో పూడిపోయి లక్షల, కోట్ల ఏళ్లు ఒత్తిడికీ వేడికీ గురైతే అంబర్ అవుతుంది. రాయిలా కనిపించినా అది రాయి కాదు. బరువు చాలా తక్కువ, గోరువెచ్చగా ఉంటుంది, బట్టకు రుద్దితే చిన్న కాగితం ముక్కల్ని లాక్కుంటుంది. సంస్కృతంలో దీన్ని తృణమణి అన్నది అందుకే, గడ్డిపోచను లాక్కునే మణి అని. గ్రీకులు దీన్ని ఎలెక్ట్రాన్ అన్నారు. కరెంటుకు మనం వాడే ఇంగ్లీషు మాట పుట్టింది అక్కడి నుంచే.

చీమలు, దోమలు, సాలీళ్లు అంబర్‌లో విరివిగా దొరుకుతాయి. బల్లులు అరుదు. ఎందుకో ఊహించడం కష్టం కాదు. కారుతున్న జిగురులో కాలు పెట్టిన దోమకు పీక్కునే శక్తి లేదు. చేతి పొడవున్న బల్లి ఒక్క గుంజు గుంజి బయటపడుతుంది. అందుకే అంబర్‌లో చిక్కినవి ఎక్కువగా పిల్లలు, లేదా పెద్దయినా రెండు మూడు సెంటీమీటర్లకు మించని జాతులు. చిక్కినా ఒళ్లంతా ఒకేసారి మునగదు. ముందు కాలో తోకో మునుగుతుంది, పైన మిగిలిన భాగాన్ని చీమలు తినేస్తాయి, లేదా ఎండి కుళ్లిపోతుంది. ఆ తర్వాత జిగురు మళ్లీ కారి కప్పేస్తే మనకు దొరికేది సగం బల్లి. అదృష్టం బాగుండి మొత్తం మునిగినా, ఆ ముద్ద చెట్టు నుంచి రాలి, వాగులో కొట్టుకుపోయి, పగలకుండా పూడిపోవాలి. ఇన్ని గండాలు దాటాక గనిలో పారకు తగులుతుంది, ఆ తర్వాత సానపట్టేవాడి చేతిలో పడుతుంది. మెరుపు రావాలని అతను అరగదీస్తుంటే ముక్క అంచున ఉన్న వేళ్లు, తోక కొస పొడిగా రాలిపోతాయి. అలా సానలో పోయిన వేళ్లను చూసినప్పుడు నాకు నిజంగా బాధేస్తుంది. కోట్ల ఏళ్లు నిలిచింది, చివరి పది నిమిషాల్లో పోయింది.

ఏయే చోట్ల దొరికాయో కూడా చెప్పాలి, ఎందుకంటే ‘అంబర్ బల్లి’ అనే ఒక్క మాట కింద చాలా వేర్వేరు కాలాల జీవులు ఉన్నాయి. లెబనాన్ అంబర్‌లో దొరికిన బాబ్దాసారస్ సుమారు 12 కోట్ల ఏళ్లనాటిది, దాన్ని 2002లో వర్ణించారు. ఉత్తర మయన్మార్‌లోని కాచిన్ రాష్ట్రం, హుకాంగ్ లోయలో దొరికే అంబర్ సుమారు 9.9 కోట్ల ఏళ్లనాటిది, దాన్నే బర్మా అంబర్ అంటారు. ఆ అంబర్ దొరికే పొరలో అగ్నిపర్వత బూడిదతో వచ్చిన జిర్కాన్ స్ఫటికాల్లోని యురేనియం, సీసం పాళ్లను కొలిచి 9.879 కోట్ల ఏళ్లని లెక్కగట్టారు. మీరు చూసిన ఫోటో కింద రాసిన అంకె అక్కడి నుంచి వచ్చిందే. బాల్టిక్ సముద్ర తీరంలోది ఇయోసీన్ కాలం నాటిది, అంటే డైనోసార్లు పోయిన చాలా కాలానికి. అక్కడి యాంటరోగెకో అనే బల్లిని 2005లో వర్ణించారు. డొమినికన్ రిపబ్లిక్ అంబర్ ఇంకా కొత్తది, 1.5 నుంచి 2 కోట్ల ఏళ్లు. అక్కడ ఎక్కువగా కనిపించేవి అనోల్ అనే చెట్టు తొండలు.

ఇక మొదటి ప్రశ్నకు వస్తాను. లోపల నిజంగా ఏముంటుంది?

ఒక ముక్కను మైక్రోస్కోప్ కింద పెట్టినప్పుడు కనిపించేది చెబుతాను. బియ్యపు గింజలో సగం ఉన్న పాదం. ఐదు వేళ్లు విచ్చుకుని ఉన్నాయి. ప్రతి వేలి కింద అడ్డంగా సన్నని మడతలు, పుస్తకం పేజీల్లా ఒకదాని పక్కన ఒకటి. గోడ మీద పాకే బల్లి కాలి కింద ఉండే మడతలే అవి. వాటి మీద ఉండే కంటికి కనిపించనంత సన్నని వెంట్రుకల వల్లే అది గాజు మీద కూడా జారకుండా పాకుతుంది. ఇలాంటి పాదం బర్మా అంబర్‌లో దొరికింది. పాదం, తోకలో కొంత భాగం, అంతే. దానికి క్రెటేసియోగెకో అని 2008లో పేరు పెట్టారు. డైనోసార్లు తిరుగుతున్న కాలానికే బల్లులు అంటుకునే పాదాలు సంపాదించుకున్నాయని ఆ ఒక్క పాదం చెప్పింది. రాతిలో దొరికే శిలాజం ఈ మాట చెప్పలేదు. రాతిలో ఎముక మిగలొచ్చు గానీ వేలి కింది మడత మిగలడం దాదాపు జరగదు.

కాబట్టి చర్మం విషయంలో అంబర్‌కు సాటి లేదు. పొలుసుల వరుసలు, కనురెప్పల అంచులు, చెవి రంధ్రం, కొన్నిసార్లు రంగు మచ్చల జాడ కూడా ఉంటాయి. అయితే ఆ చర్మం వెనక ఏముంది? చాలా ముక్కల్లో జవాబు: గాలి. జిగురు బిగుసుకున్నాక లోపలి కండ కుళ్లి, ఎండి, కుంచించుకుపోతుంది. బయట గట్టిపడిన జిగురులో మాత్రం బల్లి ఆకారం అచ్చు పోసినట్టు నిలిచిపోతుంది. ఆ అచ్చు లోపలి గోడకు పల్చని పొరలా చర్మం అతుక్కుని ఉంటుంది. వెలుతురులో పెట్టి చూస్తే నిండైన బల్లిలా మెరుస్తుంది. స్కాన్‌లో పెడితే ఖాళీ తొడుగు, మధ్యలో అక్కడక్కడ ఎముకలు. ఇంకొన్నిటిలో ఎముకలు భద్రంగా ఉంటాయి, చర్మం ఉండదు. ఎముకలూ చర్మమూ కలిసి ఉన్నవి కొద్దే. 2016లో బర్మా అంబర్ నుంచి 12 నమూనాలను ఒకేసారి స్కాన్ చేసి ప్రచురించినప్పుడు మా రంగంలో అందరికీ అంత సంతోషం కలిగింది అందుకే. అప్పటిదాకా ఒక్కో ముక్క పట్టుకుని ఊహలు చేసుకునేవాళ్లం.

స్కాన్ పని చేసే తీరు తేలిక. ఎముకలో కాల్షియం ఉంటుంది, అది ఎక్స్ కిరణాలను అడ్డుకుంటుంది. అంబర్ కర్బన పదార్థం, అది పెద్దగా అడ్డుకోదు. ముక్కను కొంచెం కొంచెంగా తిప్పుతూ వందల, వేల చిత్రాలు తీసి కలిపితే, అంబర్‌ను కోయకుండానే పుర్రె మొత్తం తెర మీదకు వస్తుంది. కష్టమంతా ఆ తర్వాతే. ఒక్కో ఎముక అంచును చేత్తో గీసుకుంటూ విడదీయాలి. పగుళ్లలో లోహపు ఖనిజాలు చేరితే అవి ఎముక కన్నా ప్రకాశంగా వెలుగుతాయి, కళ్లు మోసపోతాయి. పెసరగింజంత పుర్రెకు వారాలు పడతాయి.

ఎముక మిగిలింది కదా అని అది ఆనాటి ఎముకే అనుకోకూడదు. డొమినికన్ అంబర్‌లోని ఒక అనోల్ ముంగాలిని జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు నిశితంగా పరీక్షించి 2020లో ఫలితం ప్రచురించారు. ఎముకలోకి బయటి నుంచి ఫ్లోరిన్ చేరి, అసలు ఖనిజం చాలావరకు ఇంకో ఖనిజంగా మారిపోయింది. ఎముకలో ఉండే కొలాజెన్ అనే ప్రోటీన్ దాదాపుగా చెడిపోయింది. అంటే అంబర్ మూత పెట్టి సీలు వేసిన సీసా లాంటిది కాదు. సన్నని పగుళ్ల గుండా నీరు, ద్రవాలు వస్తూ పోతూనే ఉంటాయి. డీఎన్ఏ తీసి మళ్లీ పుట్టించొచ్చా అని చాలామంది అడుగుతారు. కుదరదు. న్యూజిలాండ్‌లో అంతరించిపోయిన మోవా పక్షుల ఎముకల్లోని డీఎన్ఏను లెక్కగట్టి, అది సుమారు 521 ఏళ్లకు సగానికి తగ్గుతుందని 2012లో తేల్చారు. మంచులో పెట్టినంత చల్లగా ఉంచినా కొన్ని పదుల లక్షల ఏళ్లకు చదవడానికి ఏమీ మిగలదు. మనం మాట్లాడుతున్నది 9.9 కోట్ల ఏళ్ల సంగతి. 1990ల్లో అంబర్ పురుగుల నుంచి డీఎన్ఏ తీశామన్నవాళ్లు ఉన్నారు గానీ, తర్వాత మళ్లీ చేసి చూస్తే ఆ ఫలితాలు రాలేదు.

రెండో ప్రశ్న నాకు ముఖ్యమైనది, దాని మీద కొంచెం ఎక్కువ సేపు ఉంటాను.

2020 మార్చిలో నేచర్ అనే శాస్త్ర పత్రిక ముఖచిత్రంగా వచ్చింది బర్మా అంబర్‌లోని ఒక పుర్రె. పొడవు ఒకటిన్నర సెంటీమీటరు కూడా లేదు. పొడవాటి ముక్కు, గుండ్రటి తలకాయ, ముఖం మొత్తాన్ని ఆక్రమించిన పెద్ద కళ్లు, దవడ నిండా సన్నని పళ్లు. పేరు ఓక్యులుడెంటావిస్ ఖాంగ్రే. కన్ను, పన్ను, పక్షి అనే మూడు మాటలు కలిపి పెట్టిన పేరు. హమ్మింగ్‌బర్డ్ అంత పక్షి, తెలిసిన డైనోసార్లలోకెల్లా చిన్నది అని రాశారు. పక్షులను డైనోసార్ల సంతతిగా లెక్కిస్తాం కాబట్టి ‘అతి చిన్న డైనోసార్’ అన్న శీర్షికతో వార్త ప్రపంచమంతా పాకింది.

ఆ పుర్రె బొమ్మను మొదటిసారి చూసినప్పుడు నాకూ పక్షిలాగే అనిపించింది. ఆకారం అలాంటిది. అయితే సరీసృపాల ఎముకలతో రోజూ పనిచేసేవాళ్ల చూపు ఆకారం దగ్గర ఆగదు, వివరాల దగ్గరకు పోతుంది. పక్షుల్లోనూ, డైనోసార్లలోనూ, మొసళ్ల పూర్వీకుల్లోనూ కంటికీ ముక్కు రంధ్రానికీ మధ్య పుర్రెలో ఒక కిటికీ లాంటి ఖాళీ ఉంటుంది. ఇందులో లేదు. పళ్లు గుంటల్లో నాటుకుని ఉండాలి. ఇందులో బల్లుల్లో మాదిరి దవడ ఎముకకే అతుక్కుని ఉన్నాయి. పళ్ల వరుస కంటి కింద దాకా పాకింది, పక్షుల్లో అలా ఉండదు. అన్నిటికన్నా గట్టిది కంటి చుట్టూ ఉండే ఎముకల ఉంగరం. పక్షుల కళ్లలోనూ బల్లుల కళ్లలోనూ కంటిగుడ్డును పట్టి ఉంచే చిన్న చిన్న పలకలు ఉంగరంలా ఉంటాయి. ఈ ముక్కలో ఒక్కో పలక చెంచా ఆకారంలో ఉంది. చెంచా లాంటి పలకలు బల్లులకు ఉంటాయి. ఈ సంగతి మొదటి వ్యాసం రాసినవాళ్లు కూడా గమనించి రాశారు. కానీ దాన్ని ఈ పక్షి ప్రత్యేకతగా తీసుకున్నారు.

నెల తిరక్కముందే చైనాలోని పరిశోధకులే ఈ అభ్యంతరాలన్నీ రాసి బయటపెట్టారు. ఈలోగా అదే లోయలో దొరికిన ఇంకో ముక్క ఒక బృందం దగ్గర ఉంది. అందులో పుర్రెతో పాటు ఒంట్లో కొంత భాగం, పొలుసులు ఉన్నాయి. పొలుసులు కనిపించాక పక్షి అనడానికి దారి లేదు. 2020 జులై 22న నేచర్ ఆ మొదటి వ్యాసాన్ని వెనక్కు తీసుకుంది. 2021లో ఆ రెండో ముక్కకు ఓక్యులుడెంటావిస్ నాగా అని పేరు పెట్టి, రెండూ బల్లి వర్గానివేనని వివరంగా చూపించారు. ఈ నాగా మన నాగుపాము కాదు, మయన్మార్, భారత్ కొండల్లో ఉండే నాగా ప్రజల పేరు. ఇంకో మంచి సంగతి కూడా ఆ వ్యాసంలో ఉంది. మొదటి పుర్రె అంబర్‌లో నలిగి, ముక్కు భాగం ఇరుకైంది. ఆ నలుగుడే దాన్ని పక్షి ముక్కులా చూపించింది. పేరులో పక్షి అన్న మాట మాత్రం అలాగే ఉండిపోయింది, ఎందుకంటే ఒకసారి పెట్టిన శాస్త్రీయ నామాన్ని తప్పు అర్థం ఉందని మార్చకూడదు.

దీన్ని మీరు మాట మార్చడం అన్నారు. నాకు అలా అనిపించదు. తప్పు జరిగింది, దాన్ని పట్టుకున్నది బయటివాళ్లు కాదు, అదే పని చేసేవాళ్లు. వాళ్లకు పట్టుకునే వీలు ఎలా కలిగింది? మొదటి బృందం ఎముకల వివరాలను దాచకుండా అందరి ముందూ పెట్టింది కాబట్టి. తప్పు అన్న మాట పక్కన పెడితే, ఆ ముక్క విలువ ఇసుమంతైనా తగ్గలేదు. పక్షిలా పొడవాటి ముక్కు, పగటి వెలుగుకు తగ్గ చిన్న కంటిపాప ఉన్న ఒక విచిత్రమైన బల్లి డైనోసార్ల కాలపు అడవిలో ఉండేదని ఇప్పుడు తెలుసు. ఇవాళ బతికున్న ఏ బల్లీ దానికి దగ్గరి పోలిక కాదు. నా మటుకు నాకు చిన్న డైనోసార్ కన్నా ఇదే ఎక్కువ ఆశ్చర్యం.

ఇదొక్కటే అయితే పొరపాటు అనొచ్చు. ఇంకోటి ఉంది. ఇందాక చెప్పిన 2016 నాటి 12 నమూనాల్లో ఒకటి సెంటీమీటరు పైచిలుకు ఉన్న పిల్ల. గొంతులో పొడవాటి పుల్లలాంటి ఎముక ఉంది. నాలుకను బాణంలా విసిరే ఊసరవెల్లికి అలాంటి ఎముక ఉంటుంది. కాబట్టి ఇది ఊసరవెల్లుల పూర్వీకుడు అన్నారు. తర్వాత అదే జాతి పెద్ద జీవి పుర్రె ఒకటి, నలగకుండా, పూర్తిగా దొరికింది. చూస్తే అది ఊసరవెల్లి కాదు, బల్లే కాదు. అల్బనెర్పెటాంటిడ్ అనే ఉభయచరాల వర్గానికి చెందినది. కప్పలకూ సాలమాండర్లకూ దూరపు చుట్టం. ఒంటి మీద పొలుసులు, కాళ్లకు గోళ్లు ఉండటంతో బల్లిలా కనిపించింది. ఆ వర్గం 16 కోట్ల ఏళ్లకు పైగా బతికి, సుమారు 20 లక్షల ఏళ్ల కిందట మాత్రమే అంతరించింది. 2020లో దానికి పెట్టిన పేరు యక్ష పెరెట్టీ. భూమిలోని నిధులకు కాపలా కాసే యక్షుల పేరు అది, మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. మొదటి వ్యాసం రాసినవాళ్లే రెండో వ్యాసంలో తమ పొరపాటును దిద్దుకున్నారు. ఆ పెద్ద పుర్రెలో నాలుక మెత్తటి భాగం, దవడ కండరాల్లో కొంత, కనురెప్పలు కూడా నిలిచి ఉన్నాయి. కండ ఉంటుందా అని మీరు అడిగారు కదా, అరుదుగా ఉంటుంది. ఇదిగో ఇక్కడ ఉంది.

ఈ రెండు సంగతుల్లోనూ పొరపాటు ఒకే చోట మొదలైంది. ఒక్క ముక్క, అదీ చిన్నది, అదీ పిల్లది లేదా నలిగినది. పిల్ల బల్లుల ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు. తల పెద్దగా, కళ్లు పెద్దగా ఉంటాయి. పెద్దయ్యాక వచ్చే గుర్తులు అప్పటికి ఉండవు. అంబర్‌లో చిక్కేవి ఎక్కువగా పిల్లలే అని పైన చెప్పాను. అంటే అంబరే మనకు కష్టమైన నమూనాలను ఏరి ఏరి ఇస్తోంది. అందుకే వార్తలో ‘మొట్టమొదటి’, ‘అతి చిన్న’ అని కనిపిస్తే నేను ముందు చూసేది ఎన్ని నమూనాల మీద చెబుతున్నారని. డొమినికన్ అనోల్‌ల మీద 2015లో వచ్చిన పరిశోధన నాకు అందుకే ఇష్టం. అందులో 20 శిలాజాలు ఉన్నాయి. వాటి పొడవులూ వేళ్ల మడతలూ కొలిచి, బతికున్న అనోల్‌లతో పోల్చారు. చెట్టు మొదట్లో తిరిగేవి, కాండం మీద ఉండేవి, కొమ్మల చివర ఉండేవి అంటూ ఇవాళ చెట్టులో ఏ వాటా ఎవరిదో అలా పంచుకున్న పద్ధతి రెండు కోట్ల ఏళ్ల కిందటే ఉందని చూపించారు. ఇరవై ముక్కలు ఒకే మాట చెబితే అది బరువైన మాట.

ఇక కొనడం సంగతి.

చాలా ఏళ్ల కిందట ఒకాయన మా ల్యాబ్‌కు ఒక ముక్క తెచ్చారు. పిడికిలి అంత ఉంది. మధ్యలో ఏడు సెంటీమీటర్ల బల్లి, నోరు తెరిచి, నాలుగు కాళ్లూ చక్కగా చాపుకుని, తోక వంపు తిరిగి ఉంది. ఫోటోకు నిలబడ్డట్టు ఉంది. చూడగానే నాకు అనుమానం వచ్చింది అందుకే. జిగురులో చిక్కి గింజుకున్న జీవి అలా ఉండదు. కాళ్లు మెలిపడతాయి, తోక తెగుతుంది, చుట్టూ జిగురులో సుడులు ఏర్పడతాయి. లెన్స్ పెట్టి చూస్తే బల్లి చుట్టూ అర సెంటీమీటరు దూరంలో తలవెంట్రుకంత సన్నని గీత ముక్క మొత్తం తిరిగి వచ్చింది. ఆ గీత బయట జిగురు కారిన చారలు, దుమ్ము, చెక్క పొట్టు ఉన్నాయి. లోపల ఏమీ లేదు, నీళ్లలా తేటగా ఉంది. గీత పొడవునా చిన్న బుడగలు ఒకే వరుసలో ఉన్నాయి. ఒక ముక్కను రెండుగా కోసి, తొలిచి, ఈ మధ్య చచ్చిన బల్లిని పెట్టి, రెసిన్ పోసి మూసేశారు. స్కాన్‌లో ప్రతి ఎముకా, కండలతో సహా, నిన్న చచ్చినట్టే ఉంది. ఆయన దాని మీద చాలా డబ్బు పెట్టారు. చెప్పేటప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను.

మోసపోయింది ఆయనొక్కరే కాదు. లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియంలో బాల్టిక్ అంబర్‌లోని ఒక ఈగ దశాబ్దాల పాటు అసలైనదిగా ఉంది. పెద్ద పెద్ద నిపుణులు దాని మీద రాశారు కూడా. 1993లో మైక్రోస్కోప్ దీపం వేడికి అతుకు దగ్గర పగులు కనిపించి, అది తొలిచి పెట్టిన మామూలు ఈగ అని బయటపడింది.

ఇంట్లో చేసుకోగల పరీక్షలు కొన్ని ఉన్నాయి, వాటి పరిమితులతో సహా చెబుతాను. ఇక కరగనంతగా ఉప్పు కలిపిన నీళ్లలో అంబర్ తేలుతుంది, చాలా రకాల ప్లాస్టిక్‌లు మునుగుతాయి. కానీ కోపల్ కూడా తేలుతుంది, కొన్ని ప్లాస్టిక్‌లూ తేలతాయి. కోపల్ అంటే ఇంకా పూర్తిగా అంబర్ కాని కుర్ర గుగ్గిలం. కొన్ని వందల, వేల ఏళ్లది కావచ్చు. అందులో బల్లి ఉంటే అది నిజంగా చిక్కినదే కావచ్చు గానీ, చరిత్రకు ముందటి జీవి కాదు. కోపల్‌ను పట్టుకోవడానికి మూల మీద ఒక చుక్క అసిటోన్ (గోళ్ల రంగు తుడిచే ద్రవం) వేసి కొన్ని క్షణాలాగి వేలితో తాకితే జిగటగా అంటుకుంటుంది, అంబర్ అంటుకోదు. అల్ట్రావయొలెట్ దీపం కింద బర్మా అంబర్ నీలంగా వెలుగుతుంది. అతికిన చోట్ల వెలుగు తేడాగా ఉంటుంది, నా అనుభవంలో ఇది చాలాసార్లు పనికొచ్చింది. కాల్చిన సూది గుచ్చి వాసన చూడమని కొందరు చెబుతారు. దయచేసి చేయకండి. నిజమైనదైతే పాడవుతుంది, పైగా మోసగాళ్లు బయట నిజమైన అంబరే వాడితే ఆ పరీక్ష మిమ్మల్ని మోసం చేస్తుంది. ఖాయంగా చెప్పగలిగేవి రెండే. జిగురు రసాయనాన్ని తేల్చే ఇన్‌ఫ్రారెడ్ పరీక్ష ఒకటి, లోపల ఏముందో తేల్చే సీటీ స్కాన్ ఇంకొకటి.

ఇవన్నీ దాటి, ముక్క అసలైన బర్మా అంబరే అని తేలిందనుకోండి. అప్పుడు కూడా కొనవద్దనే చెబుతాను. ఆ గనులున్న కాచిన్ ప్రాంతంలో ఏళ్ల తరబడి యుద్ధం జరుగుతోంది. 2017లో ఆ లోయలోని గనుల ప్రాంతాన్ని మయన్మార్ సైన్యం స్వాధీనం చేసుకుంది. ఇరుకైన గోతుల్లోకి దిగి పనిచేసే కూలీల ప్రాణాలకు అక్కడ భద్రత లేదు. శిలాజాలను దేశం దాటించడం మీద మయన్మార్‌లో ఆంక్షలున్నా, అంబర్‌ను రత్నంగా లెక్కగట్టి సరిహద్దు దాటించి చైనాలోని తెంగ్‌చోంగ్ లాంటి మార్కెట్లలో అమ్ముతారు. మొదట్లో మా రంగంలో చాలామందిమి ఈ సంగతి పట్టించుకోలేదు, కొత్త నమూనా అన్న ఉత్సాహంలో ఉండిపోయాం. 2020 ఏప్రిల్‌లో వెన్నెముక ఉన్న జీవుల శిలాజాల మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం, 2017 తర్వాత కొన్న బర్మా అంబర్ మీద వ్యాసాలు వేయవద్దని పత్రికలకు ఉత్తరం రాసింది. దాని మీద మాలో మాకే వాదాలున్నాయి. మనం చదవకపోతే అవి నగలుగా కోసేస్తారు, శాస్త్రానికి శాశ్వతంగా పోతాయి అని కొందరు అంటారు. ఆ బాధ నాకూ తెలుసు. అయినా ఒక పుర్రె కోసం ఆ గోతిలోకి ఇంకొకరు దిగే పరిస్థితి నావల్ల రాకూడదని నేను వ్యాసాలు వద్దన్నవాళ్ల వైపే నిలబడ్డాను.

మీరు కొనాలనుకుంటున్న ముక్కది, అమ్మేవాళ్లు మీకు పంపిన ఫోటోను నేను చూశాను. ఫోటోతో తీర్పు చెప్పను గానీ, బల్లి పొడవు పక్కన పెట్టిన స్కేలు ప్రకారం తొమ్మిది సెంటీమీటర్లు ఉంది, నాలుగు కాళ్లూ తోకా పూర్తిగా ఉన్నాయి, చుట్టూ ఒక్క పురుగు గానీ దుమ్ము రేణువు గానీ లేదు. బర్మా అంబర్‌లో 2018లో వర్ణించిన బార్లోకర్‌సారస్ దాదాపు మొత్తం ఒళ్లు మిగిలిన అరుదైన బల్లి. తల నుంచి తోక మొదలు దాకా రెండు సెంటీమీటర్లు కూడా లేదు. మీకు పంపిన ఫోటోలోని బల్లి ముందరి ఎడమ కాలి దగ్గర, వెలుతురు పడిన చోట, ఫోటోను పెద్దది చేసి చూడండి. కాలి కొస దగ్గర మొదలై భుజం పైగా వంపు తిరిగిన ఒక సన్నని గీత, దాని వెంట ఐదారు బుడగలు కనిపిస్తాయి.